సున్నపు పూత క్రింద సువార్త



వేల్స్ దేశం పేరు వినగానే మన సంఘాల్లో చాలామందికి జ్ఞాపకం వచ్చేది 1904వ సంవత్సరపు ఉజ్జీవం. బొగ్గుగనిలో పనిచేసిన ఇవాన్ రాబర్ట్స్ అనే యువకుడు, తన స్వగ్రామమైన లకర్‌లోని మోరియా మందిరంలో, అక్టోబరు 31 సోమవారం రాత్రి కొద్దిమందితో ప్రార్థన కూడిక ఆరంభించాడు. తరువాత కొద్ది నెలల్లోనే ఆ దేశమంతటా జరిగిన దేవుని కార్యం మీకు తెలియనిది కాదు. మన ఉజ్జీవ కూడికల్లో ఈ సంగతి ఎత్తని ప్రసంగీకులు అరుదు. నేను కూడా ఎన్నోసార్లు చెప్పాను.

అయితే ఆ లకర్ ఊరి ప్రక్కనే అదే పేరుగల నది ఒకటి పారుతుంది. ఆ నది వెంబడి కొద్ది మైళ్ళు ఎగువకు వెళితే పోంటార్‌డిలైస్ అనే పట్టణం వస్తుంది. ఆ పట్టణం దగ్గర, నది ఒడ్డున చిత్తడి నేలలో, వందల ఏళ్ళపాటు ఒక చిన్న రాతి దేవాలయం నిలిచి ఉండేది. ఇప్పుడు అక్కడ అది లేదు. అది ఎక్కడికి వెళ్ళింది, దాని గోడల మీద ఏమి దొరికింది, ప్రొటెస్టెంటు విశ్వాసులమైన మనకు దానితో ఏమి పని, ఈ సంగతులు మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను.

ఆ దేవాలయం పేరు లాన్‌డైలో టాలిబాంట్ పరిశుద్ధ టైలో దేవాలయం. వెల్ష్ భాషలో 'లాన్' అంటే మొదట ప్రహరీ కట్టిన ఆవరణ అని అర్థం. రానురాను ఆ ఆవరణలోని దేవాలయానికే ఆ పేరు స్థిరపడింది. 'లాన్' తరువాత 'టైలో' వస్తే అది 'డైలో' అవుతుంది. చిన్నప్పుడు బడిలో గసడదవాదేశ సంధి బట్టీపట్టిన మనకు ఇది వింతగా ఉండదు. టైలో అనే ఆయన 6వ శతాబ్దంలో వేల్స్‌లో సువార్త పనిచేసిన బిషప్, ఆ దేశస్థులు ఎంతో గౌరవించే దావీదు అనే భక్తుని సమకాలికుడు. ఆయన చనిపోయినప్పుడు మూడు ఊళ్ళవారు ఆయన దేహం మాకు కావాలంటే మాకు కావాలని పోట్లాడుకున్నారనీ, తెల్లవారేసరికి ఒక దేహం మూడు దేహాలైందనీ ఒక కథ ఉంది. ఇలాంటి కథలను మనం నమ్మనక్కరలేదు. కానీ ఒక కాపరిని మూడు ఊళ్ళవారు మావాడంటే మావాడని చెప్పుకొన్నారంటే, ఆయన సేవ ఎలాంటిదో కొంత ఊహించవచ్చు.

ఇక కట్టడం సంగతి. గొప్ప గోపురాలున్న కెథడ్రల్‌ను ఊహించుకోవద్దు. ఇది పొలం పనివాళ్ళ, పశువుల కాపరుల దేవాలయం. మొదట కట్టింది రెండే గదులు. పడమటి ప్రక్క సంఘస్థులు నిలిచే పొడవాటి గది, తూర్పు ప్రక్క బలిపీఠమున్న చిన్న గది. ఈ భాగాలు బహుశా 13వ శతాబ్దానివి. తరువాతి తరాల వారు తమ అవసరం కొద్దీ, స్తోమత కొద్దీ ప్రక్క భాగాలు చేర్చారు. దక్షిణాన ఒక ప్రక్కశాల వచ్చింది, తలుపు ముందు ఒక వాకిలి వచ్చింది. గోడలు మందమైనవి, రాళ్ళు చెక్కి నునుపు చేసినవి కావు, దొరికినవి దొరికినట్లు పేర్చి సున్నంతో కలిపినవి. అందుకే లోపలా బయటా సున్నం పూయడం తప్పనిసరి. ఆ పూత అందం కోసమే కాదు, వానకు గోడ నిలవడానికి కూడా అవసరం. మన పల్లెల్లో క్రిస్మసుకు ముందు మందిరానికి సున్నం కొట్టించే ఆచారం తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఏడాదికో రెండేళ్ళకో ఒక పూత, దానిమీద ఇంకొక పూత. వందల ఏళ్ళు గడిచేసరికి ఆ పూతలు పొరలు పొరలుగా పేరుకుపోయాయి. ఈ పొరలే మన కథకు ఆధారం, జ్ఞాపకముంచుకోండి.

19వ శతాబ్దంలో జనం పట్టణంవైపు కదిలారు. అక్కడ కొత్త దేవాలయం కట్టుకున్నారు. నది ఒడ్డున ఉన్న పాతదానిలో ఆరాధనలు తగ్గిపోయి, 1970ల తొలి సంవత్సరాల నాటికి పూర్తిగా ఆగిపోయాయి. మనుషులు రాని మందిరానికి ఏమవుతుందో మీకు తెలుసు. పైకప్పు పలకలు పోయాయి, వాన గోడల్లోకి దిగింది, తడిసిన సున్నం పెళ్ళలుగా ఊడసాగింది. ఊడిన చోట్ల రంగులు కనిపించాయి. ఎర్రమన్ను రంగు, పచ్చమన్ను రంగు, నల్లని గీతలు. నిపుణులు వచ్చి జాగ్రత్తగా ఒక్కొక్క పొర విప్పుతూ పోగా, సున్నం క్రింద మనుషుల ముఖాలు బయటపడ్డాయి.

కార్డిఫ్ నగర శివారులో సెయింట్ ఫేగన్స్ అనే చోట వేల్స్ దేశపు జాతీయ చరిత్ర మ్యూజియం ఉంది. 1948లో ప్రజల కోసం తెరిచారు. రైతు ఇళ్ళు, బడి, మిల్లు, ప్రార్థన మందిరం, ఇలా దేశం నలుమూలల నుండి పాత కట్టడాలను విప్పి తెచ్చి, అక్కడ తిరిగి కట్టి నిలుపుతారు. 1984-85 సంవత్సరాల్లో మ్యూజియం వారు ఈ దేవాలయాన్ని విప్పారు. ముందు బొమ్మలున్న పూతను గోడలనుండి వేరుచేసి భద్రపరిచారు. తరువాత రాళ్ళకు గుర్తులు వేసి, నలభై మైళ్ళకు పైగా దూరం తరలించారు. తిరిగి కట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 2007 అక్టోబరులో, అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ దాన్ని ప్రారంభించారు. ఆయన స్వయంగా వేల్స్ దేశస్థుడు. 1530 ప్రాంతంలో, అంటే సంస్కరణోద్యమం వేల్స్‌ను తాకడానికి కాస్త ముందు, ఆ దేవాలయం ఎలా ఉండి ఉంటుందో అలా తీర్చిదిద్దారు. అసలు బొమ్మలు చెదిరిపోయినవి కనుక వాటిని విడిగా భద్రపరిచి, వాటి గీతలనే అనుసరించి గోడలమీద కొత్తగా రంగులు వేయించారు. లేని భాగాలను ఆ కాలపు ఇతర దేవాలయాలను చూసి పూర్తిచేయించారు.

ఇప్పుడు నాతోకూడ ఆ తలుపు గుండా లోపలికి రండి.

మొదట మిమ్మల్ని ఆశ్చర్యపరిచేది రంగు. పాత దేవాలయమంటే బూడిదరంగు రాళ్ళు, చీకటి, నిశ్శబ్దం అనుకుంటాం. ఇక్కడ కళ్ళు చెదిరే ఎరుపు, పసుపు. కొందరికి ఇది జాతర పందిరిలా అనిపించవచ్చు. కానీ ఆనాటివారికి దేవుని మందిరం ఇలాగే ఉండేది. కూర్చోవడానికి బెంచీలు వెదకవద్దు. ఆ కాలంలో చాలా గ్రామ దేవాలయాల్లో జనం నిలబడేవారు, మోకరించేవారు. ముసలివారికి గోడవారగా రాతి అరుగు ఉంటే అదే గొప్ప.

గోడమీద పెద్ద ఆకారంలో క్రిస్టొఫరు కనిపిస్తాడు, భుజంమీద బాలయేసును మోస్తూ నది దాటుతున్న భక్తుడు. ఆ కాలంలో ఆయన బొమ్మను సాధారణంగా తలుపుకు ఎదురుగా వేసేవారు. ఆ రోజు ఆయన ముఖం చూసినవాడు హఠాన్మరణం పొందడని జనం నమ్మేవారు. పొలానికి పోయేవాడు తలుపు దగ్గర నిలిచి ఒక్కసారి లోపలికి తొంగిచూసి పోతే చాలు, ఆరాధనతో పనిలేదు! ఇంకొకచోట హింసల చక్రం గురుతుగా కలిగిన కేథరిన్ అనే హతసాక్షి. ఇలాంటివి చూసినప్పుడు సంస్కర్తలు ఎందుకు కోపించారో మనకు అర్థమవుతుంది. బొమ్మ బోధించడం మాని తాయెత్తుగా మారిపోయింది.

కానీ అక్కడే ఆగిపోకండి. ఆ గోడలమీద ఇంకొక వరుస ఉంది. 16వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో వేసిన ప్రభువు శ్రమల బొమ్మలు. ఒకదానిలో సైనికులు ఆయనను అపహసిస్తున్నారు. మార్కు సువార్త 15వ అధ్యాయము 16 నుండి 20 వచనాలలో మనం చదివే ఘట్టమే అది. ఊదారంగు వస్త్రం, ముళ్ళ కిరీటం, వెక్కిరింపు నమస్కారాలు, ఉమ్మివేయడం. ఆనాటి చిత్రకారులు అపహాసకుల ముఖాలను వికారంగా వంకరలు తిప్పి గీసేవారు, ప్రభువు ముఖాన్ని మాత్రం నిశ్చలంగా గీసేవారు. ఆ తేడాను గ్రహించడానికి అక్షరజ్ఞానం అక్కరలేదు. మరొకదానిలో ప్రభువు బంధింపబడి ఉన్నాడు. ఆయన చుట్టూ శ్రమల గురుతులు ఉన్నాయి. ఈ విధమైన చిత్రాలలో సాధారణంగా కొరడా, మేకులు, సుత్తి, బల్లెము, స్పంజి, చీట్లు వేసిన పాచికలు కనిపిస్తాయి. మన పల్లెవాసికి సుత్తి తెలుసు, పటకారు తెలుసు. వేల్స్ పల్లెవాసికి కూడా తెలుసు. తన పనిముట్లే ప్రభువు చుట్టూ ఉండడం చూసి అతడు ఏమి తలంచేవాడో ఆలోచించండి.

ఆ సంఘంలోని వారు ఏమి విన్నారో కూడా ఆలోచించాలి. ఆరాధన జరిగేది లాటిన్ భాషలో. బలిపీఠపు గదికీ సంఘానికీ మధ్య చెక్కతో చెక్కిన అడ్డుతెర ఒకటి ఉండేది. దానిపైన సన్నని అటక, అటక మీద సిలువ, సిలువకు ఇరుప్రక్కల మరియ, యోహాను ప్రతిమలు. అసలు తెర పోయింది గనుక, వేల్స్‌లోని వేరే దేవాలయాల్లో మిగిలినవాటిని చూసి సెయింట్ ఫేగన్స్‌లో కొత్తది చెక్కించి నిలిపారు. ఈ చెక్కపనిలో వేల్స్ వడ్రంగులు ఆరితేరినవారు. ద్రాక్షతీగెలు, ఆకులు, గుత్తులు ఎంతో ఓపికగా చెక్కేవారు. ఆ తెర వెనుక గురువు నెమ్మదిగా లాటిన్ వల్లించేవాడు. జనానికి అర్థమయ్యేది ఒక్క మాట కూడా లేదు. వారికి అర్థమయ్యే భాషలో ఆ మందిరంలో మాట్లాడుతున్నవి గోడలు మాత్రమే.

ఇప్పుడు సంస్కరణోద్యమం వచ్చింది. 1547లో బాలరాజైన ఆరవ ఎడ్వర్డు ప్రభుత్వం, గోడలమీదను కిటికీ అద్దాలమీదను ఉన్న అటువంటి బొమ్మలను ఆనవాలు మిగలకుండా తీసివేయాలని ఆజ్ఞాపించింది. మరుసటి సంవత్సరం అన్ని ప్రతిమలను తొలగించమన్నారు. 1561లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం సిలువ తెరల మీది అటకలను కూడా దింపించింది. గోడమీది బొమ్మను తీయడానికి సులువైన మార్గం ఒక్కటే, సున్నం. ఒక బకెట్టు, ఒక కుంచె, ఒక పూట పని. క్రిస్టొఫరూ పోయాడు, కేథరిన్ కూడా పోయింది. వారితోపాటు ఉమ్మివేయబడిన ప్రభువు ముఖం కూడా పోయింది.

ఇది తప్పా ఒప్పా? మనం హిజ్కియాను జ్ఞాపకం చేసుకోవాలి. రెండవ రాజుల గ్రంథము 18వ అధ్యాయము 4వ వచనం ప్రకారం ఆయన మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని ముక్కలు చేశాడు. ఆ సర్పాన్ని చేయమన్నది దేవుడే. దాన్ని చూచి ఇశ్రాయేలీయులు బ్రదికారు. అయినా జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టినప్పుడు హిజ్కియా దాన్ని విడిచిపెట్టలేదు, లేఖనం ఆయనను మెచ్చుకుంది. కాబట్టి సంస్కర్తల పనిని నేను తప్పుబట్టను. మొక్కుబడులు, కానుకలు, దీపాలు, భక్తుల బొమ్మల ముందు సాగిలపడడం, వీటినుండి జనాన్ని విడిపించవలసిందే. క్రిస్టొఫరు మీద నాలుగు పూతలు సున్నం వేసినా నాకు దుఃఖం లేదు.

నన్ను బాధించేది వేరే సంగతి. తేదీలను కొంచెం జాగ్రత్తగా చూడండి. బొమ్మలు పోయింది 1547-48లో. 1549లో లాటిన్‌కు బదులుగా కొత్త ప్రార్థన పుస్తకం వచ్చింది. ఏ భాషలో? ఇంగ్లీషులో. లండన్ వాసికి అది పండుగే, ఆరాధన అంతా తన తల్లిభాషలో మందిరంలో మ్రోగింది. కానీ వేల్స్ పల్లెల్లో ఇంగ్లీషు ఎవరికి వచ్చు? 1536లో ఆ దేశాన్ని ఇంగ్లండుతో కలిపే చట్టం చేసి, కోర్టుల్లో, కచేరీల్లో ఇంగ్లీషే ఉండాలన్నారు గాని, పొలంలో, వంటింట్లో, ఉయ్యాల దగ్గర జనం మాట్లాడేది వెల్ష్ ఒక్కటే. వారికి ఇంగ్లీషు కూడా లాటిన్ వంటిదే. పైగా లాటిన్ అయితే తాతల నాటినుండి చెవికి అలవాటైన శబ్దం. తరువాత మేరీ రాణి వచ్చి 1553 నుండి మళ్ళీ లాటిన్ తెచ్చింది. 1559లో ఎలిజబెత్ మళ్ళీ ఇంగ్లీషు తెచ్చింది. పైన ఎవరు సింహాసనమెక్కినా, క్రింద నిలుచున్న వెల్ష్ రైతుకు మాత్రం అర్థమయ్యే మాట రాలేదు.

వెల్ష్ భాషలో క్రొత్త నిబంధన, ప్రార్థన పుస్తకం అచ్చయింది 1567లో. అంటే దాదాపు ఇరవై ఏళ్ళు. ఒక బిడ్డ పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకొని, తన బిడ్డను బాప్తిస్మానికి తెచ్చేంత కాలం. ఆ ఇరవై ఏళ్ళూ అటువంటి గ్రామ దేవాలయంలో నిలుచున్న మనిషి ముందు ఏముంది? తెల్లని గోడ. దాని ముందు అర్థంకాని పుస్తకం. దానియేలు గ్రంథము 5వ అధ్యాయంలో రాజు నగరు గోడ పూతమీద ఒక చేయి వ్రాసింది, ఆ వ్రాతను చదవగలవాడు విందుశాలలో ఒక్కడూ లేడు. వేల్స్‌లో ఇంచుమించు అదే జరిగింది, ఒక రాత్రి కాదు, ఒక తరం.

తీసివేయడం సంస్కరణలో సగం పని. అది సులువైన సగం. దానికి ఒక బకెట్టు సున్నం చాలు. మన మధ్యలో కూడా కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన కుటుంబం గోడమీద ఏమి ఉండకూడదో చెప్పడానికి మనం మొదటి వారమే వెళతాం. ఆ ఇంట్లో చదువురాని అవ్వకు మార్కు సువార్త చదివి వినిపించడానికి ఎన్ని వారాల తరువాత వెళతాం? ఆ ఇంటి గోడకు మేకు గుర్తు మాత్రమే మిగిలి ఉంటుంది. సంఘ పెద్దలు, స్త్రీల సమాజంవారు ఈ ప్రశ్నను తమలో తాము చర్చించుకుంటే మంచిది.

వేల్స్‌లో ఆ రెండవ సగం పని చేసింది రాజులు కాదు. విలియం సేల్స్‌బరీ అనే పండితుడు, ఎవరూ ఆజ్ఞాపించకుండానే, 1551లోనే మందిరంలో చదివే పత్రికల పాఠాలను, సువార్త పాఠాలను వెల్ష్‌లోకి మార్చి అచ్చు వేయించాడు. 1563లో పార్లమెంటు చట్టం చేసి, బైబిలును, ప్రార్థన పుస్తకాన్ని వెల్ష్‌లోకి తర్జుమా చేయించే బాధ్యత బిషప్పులకు అప్పగించింది. 1567లో వచ్చిన క్రొత్త నిబంధనలో ఎక్కువ భాగం సేల్స్‌బరీదే. కానీ ఆయన పండితుడు గనుక మాటలను లాటిన్ పోలికలో వ్రాశాడు. మందిరంలో బిగ్గరగా చదివే గురువులకు అది నోరు తిరిగేది కాదు. మన గ్రాంథిక తర్జుమాలతో కుస్తీపట్టిన వారికి ఆ కష్టం తెలుసు.

చివరకు సంపూర్ణ బైబిలు ఇచ్చినవాడు విలియం మోర్గన్, లాన్‌రైయాడర్ అనే మారుమూల కొండగ్రామపు కాపరి. ఊరివారితో ఆయనకు తగాదాలుండేవి, కోర్టు వ్యాజ్యాలు కూడా నడిచాయి. ఆ చికాకుల మధ్యనే హెబ్రీ, గ్రీకు మూలాలనుండి తర్జుమా సాగించాడు. అచ్చు వేయించడానికి లండన్ వెళ్ళి, వెస్ట్‌మినిస్టర్ డీన్ ఇంట్లో ఉంటూ, వెల్ష్ ఒక్క ముక్క రాని అచ్చు పనివారి ప్రక్కన కూర్చొని తప్పులు దిద్దాడు. 1588లో ఆ గ్రంథం వచ్చింది. అది మందిరంలో పీఠం మీద ఉంచి చదివే పెద్ద గ్రంథం. 1620లో సవరించిన ప్రతి, 1630లో ఇంటికి కొనుక్కోదగిన చిన్న బైబిలు వచ్చాయి. పండితులు చెప్పేదేమంటే, ఈ బైబిలు లేకపోతే వెల్ష్ భాషే ఈనాటికి మిగిలేది కాదు.

అప్పుడు తెల్లని గోడకు ఒక అర్థం వచ్చింది. దేవాలయాలలో పది ఆజ్ఞల పలకలు ఉంచాలని 1561లోనే ఆదేశముంది. రానురాను వేల్స్ దేవాలయాల గోడలమీద పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం వెల్ష్ భాషలో, చుట్టూ రంగుల అంచుతో కనిపించసాగాయి. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయము 2 నుండి 8 వచనాలు తెరిచి చూడండి. యొర్దాను దాటిన తరువాత పెద్ద రాళ్ళు నిలువబెట్టి, వాటికి సున్నం పూసి, ఆ సున్నంమీద ధర్మశాస్త్ర వాక్యాలన్నీ బాగా తెలిసేలా వ్రాయమని మోషే ఆజ్ఞాపించాడు. సున్నం పూయడం, వ్రాయడం, తెలిసేలా వ్రాయడం. మూడూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. మొదటిది చేసి మూడవదానికి ఇరవై ఏళ్ళు ఆగమని ఆయన చెప్పలేదు.

తరువాతి కథను త్వరగా చెబుతాను. చదవడానికి గ్రంథం ఉన్నా చదువు లేదు గనుక, లాన్‌డౌరర్ గ్రామ గురువు గ్రిఫిత్ జోన్స్ 1730లలో సంచార బడులు నడిపి, 1761లో మరణించే నాటికి లక్షన్నర మందికి పైగా జనానికి వెల్ష్ బైబిలు చదవడం నేర్పించాడు. అలా చదవడం నేర్చిన ప్రజలలో నుండే మేరీ జోన్స్ వచ్చింది. 1800లో బైబిలు కోసం డబ్బు కూడబెట్టి, చెప్పులు లేకుండా పాతిక మైళ్ళు నడిచి, బాలా పట్టణంలో థామస్ చార్లెస్ దగ్గరకు వెళ్ళిన ఆ అమ్మాయి కథ మన సండేస్కూలు పిల్లలకు కంఠస్థం. వెల్ష్ బైబిళ్ళ కొరతను గూర్చి చార్లెస్ లండన్‌లో మొరపెట్టగా 1804లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఏర్పడింది. వేల్స్‌కు అయితే ప్రపంచానికెందుకు కాదు అని వారు తలంచారు. మరుసటి సంవత్సరమే, 1805లో, లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకొని తర్జుమాకు పూనుకున్నారు. వారి శ్రమ ఫలితంగా 1812లో తెలుగు సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. ఈనాడు మనం కొనే బైబిలు మీద సొసైటీ పేరు చూసినప్పుడు, దాని వేరు ఒక వెల్ష్ పల్లెదాకా పోతుందని పిల్లలకు చెప్పండి.

ఇవాన్ రాబర్ట్స్ నిలిచి ప్రార్థించిన మోరియా వంటి మందిరాలలో గోడమీద బొమ్మలు ఉండవు. ఆ జనం శ్రమపడిన ప్రభువును దేనిలో చూశారు? తమ భాషలో చదివిన వాక్యంలో, తమ భాషలో పాడిన కీర్తనల్లో. గలతీ పత్రిక 3వ అధ్యాయము మొదటి వచనంలో పౌలు, సిలువ వేయబడిన క్రీస్తు మీ కళ్ళెదుటే కనుపరచబడ్డాడు గదా అనే భావంతో ప్రశ్నిస్తున్నాడు. గలతీయులకు పౌలు బొమ్మ చూపలేదు, ప్రకటించాడు. అంత స్పష్టంగా ప్రకటించగలిగితే బొమ్మ లేని లోటు తెలియదు. ప్రకటించలేని చోట ఆ గ్రామ చిత్రకారుని ఎర్రమన్ను గీతలే మేలు. నా ఈ మాట కొందరు సహోదరులకు నచ్చకపోవచ్చు.

ఇంకొక్క సంగతి. ఆ బొమ్మలు ఇంతకాలం ఎలా నిలిచాయి? పైకి కనిపిస్తూ ఉన్న బొమ్మలైతే కొవ్వొత్తుల మసికి, తేమకు, జనం చేతుల రాపిడికి, తరువాతి తరాల మరమ్మతులకు ఎప్పుడో అరిగిపోయి ఉండేవి. వాటిని కప్పివేయడానికి వేసిన సున్నమే వాటిని కాపాడింది. పూత మీద పూత, ఒక్కొక్క తరం ఒక్కొక్క పొర వేసి, తమకు తెలియకుండానే దాచిపెట్టింది. నిపుణులు సన్నని పనిముట్లతో ఆ పొరలు ఒక్కొక్కటే విప్పి, శ్రమల బొమ్మలను బయటకు తీశారు. 1530లో అక్కడ నిలిచిన రైతు చూసిన ప్రభువునే ఇప్పుడు సెయింట్ ఫేగన్స్‌కు వచ్చే బడిపిల్లలు చూస్తున్నారు. వారిలో చాలామందికి ఆ కట్టబడిన మనిషి ఎవరో, చుట్టూ ఉన్న సుత్తీ మేకులూ ఎందుకో ఇంట్లో చెప్పినవారు లేరు. గోడ ముందు నిలిచి, ఈయన ఎవరు, వీళ్ళు ఎందుకు కొడుతున్నారు అని వారు అడిగితే, ప్రక్కనున్న పెద్దవారు మొదటినుండి చెప్పుకురావలసిందే.